రైతు కుటుంబానికి ఒక్క నిమిషం సైన్సు చాలదు

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. డిసెంబరు 23 రైతు దినోత్సవం. ఈ రెండింటికీ తోడు కిసాన్ మేళాలు, రైతు సదస్సులు, వ్యవసాయ విజ్ఞాన ప్రదర్శనలు. అన్ని చోట్లా తంతు ఒకటే. షామియానా, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మంత్రిగారి ప్రసంగం, వరుసగా స్టాళ్లు, మధ్యాహ్నం భోజనం. మర్నాడు పేపర్లో 'పరిశోధన ఫలాలు రైతు ముంగిట్లోకి' అని ఫొటోతో వార్త. ఆ ఫొటోలో రైతు ఎక్కడున్నాడని వెతికితే చివరి వరుసలో కనిపిస్తాడు. రైతు భార్య అసలు కనిపించదు.

ఉత్సవాలంటే మనకు కోపం లేదు. జాతర చేసుకునే జనం మనం. నలుగురూ చేరిన చోటే మాట నిలుస్తుంది, నాలుగు విషయాలు తెలుస్తాయి. శాస్త్రాన్ని ఊరి మధ్యకు తీసుకొచ్చి, పిల్లా పెద్దా అందరికీ చూపించాలనే ఆలోచన మంచిదే. మన పన్నులతో నడిచే పరిశోధన మన ఇంటికి రావాలి. అయితే ఇప్పుడు జరుగుతున్న ఉత్సవాల్లో పరిశోధన రావడం లేదు, ప్రచారం వస్తున్నది. రైతును ప్రేక్షకుడిగా కూర్చోబెట్టి మాట్లాడి వెళ్లిపోతే దాన్ని విజ్ఞాన ఉత్సవం అనలేం. రైతు అడిగిన ప్రశ్నకు శాస్త్రవేత్త జవాబు చెప్పాలి. చెప్పిన జవాబు ఫలించిందో లేదో మరుసటి ఏడాది అదే ఊళ్లో, అదే జనం ముందు లెక్క చెప్పాలి. అప్పుడే అది ఉత్సవం. మన సంఘం అడగాల్సింది ఇదే.

లెక్క వేసి చూద్దాం

2025 మే 29 నుంచి జూన్ 12 వరకు కేంద్ర ప్రభుత్వం 'వికసిత కృషి సంకల్ప అభియాన్' నడిపింది. దేశంలో 700కు పైగా జిల్లాలు, 2,170 శాస్త్రవేత్తల బృందాలు, 15 రోజులు, కోటిన్నర మంది రైతులతో ముఖాముఖి లక్ష్యం అని ప్రకటించారు. ఖరీఫ్ ముందు వేళ చూసుకుని ఊళ్లకు కదలడం మంచి పనే. తెలంగాణలో కూడా అదే వేసవిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం 'రైతు ముంగిట్లో శాస్త్రవేత్తలు' అని కార్యక్రమం పెట్టింది. విశ్వవిద్యాలయం గడప దాటి బయటికి రావడాన్ని మనం స్వాగతిస్తాం.

కానీ లెక్క ఏమంటున్నదో చూడండి. కోటిన్నర మందిని 2,170 బృందాలకు పంచితే ఒక్కో బృందానికి దాదాపు 6,900 మంది. 15 రోజులకు పంచితే రోజుకు 460 మంది. బృందం పొద్దున్నించి సాయంత్రం దాకా ఎనిమిది గంటలు ఆపకుండా పని చేసినా 480 నిమిషాలే. అంటే రైతుకు ఒక్క నిమిషం. అందులోనే ప్రయాణం, భోజనం, పూలదండలు, ఫొటోలు.

ఒక్క నిమిషంలో రైతు ఏమి అడుగుతాడు? తన చేను నల్లరేగడో ఎర్ర చెలకో చెప్పేసరికే నిమిషం అయిపోతుంది. కౌలు ఎంత, అప్పు ఎవరిది, నిరుడు ఏ మందు ఎన్నిసార్లు కొట్టాడు అన్నది చెప్పే వీలే లేదు. సభ పెట్టి అందరికీ ఒకేసారి చెప్పామని అధికారులు అంటారు. అలాగైతే దాన్ని ముఖాముఖి అనడం ఎందుకు? మైకులో చెప్పింది విని రావడానికి రేడియో చాలు. ఇంత దూరం వచ్చిన శాస్త్రవేత్త మన మాట వినాలి కదా.

మిరప చేను నేర్పిన పాఠం

పరిశోధన సమయానికి ఇంటికి రాకపోతే ఏమవుతుందో 2021లో మిరప రైతు చూశాడు. ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్, గుంటూరు ప్రాంతాల్లో పూత మీదున్న మిరప చేలల్లోకి నల్ల తామర పురుగు దిగింది. మనకు ఎప్పటి నుంచో తెలిసిన తామర పురుగు ఆకు మీద ఉంటుంది. ఇది పువ్వులో దాక్కుంది. పూత రాలింది, కాయ నిలవలేదు. ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి పెట్టిన రైతు వారానికో రకం మందు మార్చి కొట్టాడు. ఎంత కొడితే అంత పెరిగింది. అప్పుల భారంతో రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఆ చలికాలం వరుసగా వచ్చాయి. వారిలో కౌలు రైతులే ఎక్కువ.

ఆ పురుగు 2021లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ విదేశీ జాతి మన దేశంలోకి వచ్చిందని శాస్త్రవేత్తలు 2015లోనే నమోదు చేశారు. అప్పుడది కర్ణాటకలో బొప్పాయి మీద కనిపించింది. ఆగ్నేయాసియా దేశాల్లో అది మిరపకు శత్రువని శాస్త్ర లోకానికి అంతకుముందే తెలుసు. 2015 నుంచి 2021 వరకు ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఎన్ని కిసాన్ మేళాలు జరిగాయి? ఎన్ని స్టాళ్లు పెట్టారు? 'ఇలాంటి పురుగు ఒకటి దేశంలోకి వచ్చింది, పువ్వు విప్పి చూడండి, నల్లగా సన్నగా కనిపిస్తే వెంటనే కబురు చెయ్యండి' అని ఒక్క బొమ్మ గీసి ప్రతి మిరప ఊరి బడి గోడ మీద అంటించి ఉంటే ఏమయ్యేది? పురుగు రాకుండా ఆగేదని మనం అనడం లేదు. కానీ మొదటి పది చేలల్లోనే గుర్తుపట్టేవాళ్లం.

ఇంకొకటి. పురుగు కమ్ముకున్నాక శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఏమిటి? అన్నిటినీ చంపే ఘాటు మందులు పదే పదే కొట్టవద్దు, వాటితో మిత్ర పురుగులు చచ్చి తామర ఇంకా పెరుగుతుంది, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, వేప నూనె వాడండి, బవేరియా లాంటి శిలీంద్ర మందులు వాడండి అన్నారు. సరైన మాటే. కానీ ఆ మాట చేరేసరికి రైతు జేబు ఖాళీ అయింది. ఆ లోపల రైతుకు సలహా ఇచ్చింది మందుల షాపు. షాపు వద్ద అప్పు కూడా దొరుకుతుంది కాబట్టి రైతు షాపు మాట కాదనలేడు. శాస్త్రం ఆలస్యంగా వస్తే ఆ ఖాళీలో వ్యాపారం కూర్చుంటుంది.

చెత్తలో వేసిన చిన్న ప్యాకెట్

పత్తి రైతుకు ఇంకో సంగతి గుర్తుంటుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు 450 గ్రాముల విత్తన ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఒకటి ఇచ్చేవారు. అది బీటీ కాని విత్తనం. చేను చుట్టూ నాలుగు వైపులా వేయమని ఇచ్చింది. ఎంతోమంది దాన్ని మూలన పడేశారు, పారేశారు. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి లొంగకుండా పోయింది. అప్పుడు పెద్దలు 'రైతులు రెఫ్యూజీ వేయలేదు కాబట్టే ఇలా అయింది' అన్నారు. తప్పు మొత్తం రైతు నెత్తిన పెట్టారు.

ఆ చిన్న ప్యాకెట్ ఎందుకో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బీటీ విషానికి చావని పురుగు వెయ్యింటిలో ఒకటో రెండో మిగులుతుంది. చేనంతా బీటీయే అయితే మిగిలినవి మిగిలినవాటితోనే జత కడతాయి, వాటి పిల్లలు కూడా చావవు. పక్కన మామూలు పత్తి ఉంటే అక్కడ విషానికి చచ్చే రకం పురుగులు బతికి ఉంటాయి. చావని పురుగు వాటితో జత కడితే పుట్టే పిల్లలు బీటీకి చస్తాయి. అందుకే ఆ నాలుగు సాళ్లు. ఇంతే విషయం. పశువుల్లో, కోళ్లలో జాతి ఎలా దిగుతుందో రోజూ చూసే రైతుకు ఇది అర్థం కాదా? అర్థమయ్యేలా చెప్పిన వారెవరు? ప్యాకెట్ మీద చిన్న అక్షరాలతో రాసి, చెప్పేశామన్నారు. విత్తనం అమ్మడానికి ఊరూరా గోడ మీద రాతలు, ఆటోలో మైకులు, సినిమా పాటలు. విత్తనం వెనక ఉన్న శాస్త్రం చెప్పడానికి మాత్రం ఒక్క కాగితం ముక్క.

పైగా గులాబీ పురుగు ఒక్క రైతు పోరాడితే పోయేది కాదు. ఒకరు లింగాకర్షక బుట్టలు పెట్టి, పక్కవాళ్లు పెట్టకపోతే లాభం లేదు. ఒకరు డిసెంబరు కల్లా పంట ముగించి కట్టె తీసేస్తే, ఇంకొకరు మార్చి దాకా ఉంచితే పురుగు అక్కడే బతుకుతుంది. ఊరంతా ఒకే మాట మీద, ఒకే సమయంలో చేయాలి. ఊరిని ఒక్క మాట మీదికి తేవడానికి ఉత్సవం కంటే మంచి సందర్భం ఏముంది? అలాంటి చోట విత్తన కంపెనీ బొమ్మ పెట్టి, టోపీలు పంచి పంపిస్తున్నారు.

ఎవరి స్టాలు ముందుంది?

మేళాలోకి అడుగు పెట్టగానే కనిపించేవి మందుల, విత్తనాల, ట్రాక్టర్ల, డ్రోన్ల స్టాళ్లు. స్టాలు అద్దె కట్టారు, వేదిక ఖర్చు భరించారు కాబట్టి మంచి చోటు వాళ్లదే. పరిశోధన కేంద్రం బల్ల చివర ఉంటుంది. దాని మీద నాలుగు గాజు సీసాల్లో గింజలు, గోడకు రెండు చార్టులు. 'అడిగితే చెబుతాం' అని కూర్చున్నవారిలో చాలాసార్లు ఆ పంట పరిశోధన చేసినవారు ఉండరు.

దీని ఫలితం ఎప్పటి నుంచో లెక్కల్లో ఉంది. 2003లో జాతీయ నమూనా సర్వే 59వ విడతలో రైతు కుటుంబాలను అడిగింది: 'కొత్త సాగు పద్ధతుల గురించి మీకు సమాచారం ఎక్కడి నుంచి వస్తున్నది?' నూటికి 60 కుటుంబాలు 'ఎక్కడి నుంచీ రావడం లేదు' అన్నాయి. తోటి రైతు ద్వారా తెలిసింది అన్నవారు 17 మంది దాకా. ఇన్‌పుట్ డీలర్ చెప్పాడు అన్నవారు 13 మంది. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి చెప్పాడు అన్నవారు ఆరుగురి లోపే. కృషి విజ్ఞాన కేంద్రం పేరు చెప్పినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత పరిస్థితి అది. ఇప్పుడు దేశంలో 700కు పైగా కేంద్రాలు ఉన్నాయి. సెల్‌ఫోన్ వచ్చింది, వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. కానీ తెగులు వస్తే ముందు ఎవరి దగ్గరికి పోతున్నారో మీ ఊళ్లో మీరే అడిగి చూడండి. జవాబు మారి ఉంటే మనం సంతోషిస్తాం.

మన శాస్త్రవేత్తలు పని చేయడం లేదని ఎవరూ అనలేరు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, బీపీటీ 5204, ఈనాటికీ తెలుగువాళ్ల కంచంలో ఉంది. మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ ఎన్ని రాష్ట్రాల కడుపు నింపిందో లెక్క లేదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు బెడద ఉందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదల చేశాయి. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ శాస్త్రవేత్తలు చేసిన పని. ఏ కంపెనీకీ రాయల్టీ కట్టక్కర్లేదు. మీ మండలంలో ఎంతమంది ఆ విత్తనం పేరు విన్నారు? ఎక్కడ దొరుకుతుందో ఎంతమందికి తెలుసు? పంట పండించేవాడికి చేరని పరిశోధన గిడ్డంగిలో ఉన్న ధాన్యంతో సమానం. ఉన్నట్టే ఉంటుంది, ఆకలి తీరదు.

కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడేనా?

సర్కారు కాగితాల్లో రైతు అంటే పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాడు. పిలుపు అతనికే వస్తుంది, కిట్టూ అతనికే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల పేరున ఉన్న కమతాలు దాదాపు 14 శాతం. కానీ పల్లెల్లో పని చేసే ఆడవాళ్లలో నూటికి 75 మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారు. నాటు వేసేది, కలుపు తీసేది, మిరపకాయ, పత్తి ఏరేది, విత్తనం దాచేది వాళ్లే. మొక్కకు అతి దగ్గరగా రోజంతా వంగి ఉండేది వాళ్లే. ఆకు ముడుచుకుంటే, పువ్వులో పురుగు కదిలితే ముందు చూసేది వాళ్లే. అలాంటి వాళ్లను పిలవకుండా పరిశోధన సభ పెడితే, చూసిన సాక్షిని వదిలి విచారణ జరిపినట్టు ఉంటుంది.

పిలిచినా ఎలా పిలుస్తున్నారు? సభ పదకొండింటికి. కూలి వదులుకుని రావాలి. పసిపిల్లను ఎక్కడ పెట్టాలో తెలియదు. మరుగుదొడ్డి ఉండదు. వచ్చాక ఆమెకు ముగ్గుల పోటీ, వంటల పోటీ పెడతారు. వంట తెలిసిన మనిషికి వంటల పోటీ దేనికి? పురుగు మందు డబ్బా మీద ఉండే రంగు గుర్తు గురించి ఆమెతో మాట్లాడాలి. ఎరుపు అంటే అత్యంత విషం. పసుపు అంటే బాగా విషం. నీలం ఒక మోస్తరు. ఆకుపచ్చ తక్కువ విషం, అంతేగానీ ముట్టుకున్నా పర్వాలేదని కాదు. ఆ డబ్బా ఇంట్లో ఏ మూల ఉందో, మందు కొట్టిన చొక్కా ఏ బకెట్‌లో ఉతకాలో నిర్ణయించేది ఆమె. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. డబ్బా మీద గుర్తు ఉంది. దాన్ని చదివి చెప్పే మనిషి లేడు. ఎనిమిదో తరగతి చదివే మన పిల్లలు ఆ గుర్తులు చదవగలరు, నాన్నకు, అమ్మకు చెప్పగలరు. వాళ్లకు చెప్పిన వారు లేరు.

కౌలు రైతు సంగతి చెప్పనక్కర్లేదు. పాసు పుస్తకం లేదు కాబట్టి జాబితాలో పేరు లేదు, పేరు లేదు కాబట్టి పిలుపు లేదు. చేను చేసేది అతను, సదస్సులో శాలువా భూమి యజమానికి.

చేసి చూపించిన దారులు

'ఇదంతా కుదిరే పని కాదు' అనేవారికి మన నేల మీదే జవాబు ఉంది.

భోపాల్‌లో పురుగు మందుల కర్మాగారం విషం కక్కి వేల మందిని చంపింది 1984లో. మూడేళ్లకు, 1987 అక్టోబరు, నవంబరు నెలల్లో, ప్రజా సైన్సు సంస్థలు భారత జన విజ్ఞాన జాతా నడిపాయి. దేశం నలుమూలల నుంచి బయల్దేరిన జాతాలు పాటలతో, నాటికలతో ఊళ్ల మీదుగా సాగి భోపాల్‌లోనే కలిశాయి. సైన్సు ఎవరి కోసం అని అడిగిన జాతా అది. దాని వెనకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక పుట్టింది. తర్వాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం కళాజాతాలతో ఊరూరా తిరిగింది. రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రాన్ని కదిలించింది. జనాన్ని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చినందుకు అది జరగలేదు. తమ సమస్య తామే చెప్పుకునే చోటు దొరికినందుకు జరిగింది.

వ్యవసాయంలో పొలంబడి ఉంది. ఇండోనేషియాలో 1989లో వరి రైతులతో మొదలై మన దాకా వచ్చింది. వారానికోసారి రైతులు చేలోకి దిగి, మొక్కలు ఎంచి, శత్రు పురుగులు ఎన్ని, మిత్ర పురుగులు ఎన్ని అని లెక్కపెట్టి, బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని తామే తేల్చుకుంటారు. పంటకాలం మొత్తం సాగే చదువు అది. దాన్ని ఈనాడు చాలా చోట్ల రిజిస్టరులో సంతకాలకు, బ్యానరు ముందు ఫొటోకు కుదించేశారు.

అన్నిటి కంటే గట్టి ఉదాహరణ నీళ్లది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం, నల్గొండ సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం నడిచింది. రైతులు, వారిలో ఆడవాళ్లు కూడా, వాన కొలిచారు. బోర్లలో నీటి మట్టం కొలిచారు. ఆ అంకెలను ఊళ్లో బోర్డు మీద అందరికీ కనబడేలా రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, 'మన కింద ఉన్న నీరు ఇంత, వరి వేస్తే ఇంత కావాలి, వేరుశెనగో పప్పు పంటో వేస్తే ఇంత చాలు' అని జల బడ్జెట్ వేశారు. ఎవరూ ఆంక్ష పెట్టలేదు, జరిమానా వేయలేదు. లెక్క కళ్ల ముందు కనబడితే చాలామంది తామే పంట మార్చుకున్నారు. పెద్ద చదువు లేని రైతులు జల శాస్త్రం చేశారు. విజ్ఞాన ఉత్సవం అంటే మన లెక్కలో ఆ రబీ ముందటి సభ. అలాంటి సభ ప్రతి గ్రామానికీ హక్కుగా ఎందుకు రాలేదో పాలకులు చెప్పాలి.

వాళ్లు చెప్పే సాకులు

మొదటిది: 'రైతులు రారు, వచ్చినా భోజనం అయ్యాక ఉండరు.' నాట్ల వేళ సదస్సు పెడితే ఎవరు వస్తారు? పనికొచ్చే మాట దొరుకుతుందంటే రైతు పొద్దుగూకాక కూడా వస్తాడు. సంత ఎక్కడ ఉన్నా వెతుక్కుంటూ పోయే జనం మనం. రాకపోవడమే మీ సదస్సు మీద మా తీర్పు.

రెండోది: 'కంపెనీలు డబ్బు పెట్టకపోతే మేళా జరగదు.' అంటే సర్కారు దగ్గర శాలువాలకు, హోర్డింగులకు డబ్బు ఉంది, శాస్త్రవేత్త జీపులో డీజిల్‌కు లేదన్నమాట. వ్యవసాయ ఉత్పత్తి విలువలో ఒక్క శాతం కూడా ఈ దేశం వ్యవసాయ పరిశోధనకు పెట్టడం లేదు. ముందు ఆ సంగతి చూడండి. అమ్మకానికి వచ్చినవాడు తన సరుకు లోపం తాను చెప్పడు. అతని డబ్బుతో నడిచే వేదిక కూడా చెప్పదు.

మూడోది: 'శాస్త్రవేత్త పని పరిశోధన, ప్రచారం కాదు.' నిజమే. అందుకే ఖాళీగా ఉన్న పోస్టులు నింపమంటున్నాం, విస్తరణ సిబ్బందికి పథకాల సర్వేలు, యాప్‌లలో ఫొటోల పని తగ్గించమంటున్నాం. మండల వ్యవసాయాధికారి నుంచి గ్రామ సహాయకుడి దాకా అందరూ పథకాల గుమాస్తాలైపోయారు. వాళ్లనూ మనం తప్పు పట్టడం లేదు. వాళ్లకు చేలోకి దిగే తీరిక ఇవ్వమంటున్నాం. ఇక శాస్త్రవేత్త రైతుతో కూర్చోవడం ప్రచారం ఎలా అవుతుంది? ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలో అతనికి తెలిసేది అక్కడే.

మన డిమాండ్లు

భవనాలు లేవని ఎవరూ అనలేరు. తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన రైతు భరోసా కేంద్రాలు పది వేలకు పైగా ఉన్నాయి, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు అంటున్నారు. పేరు ఎవరు మార్చినా గోడలు అవే. ఆ గోడల మధ్య శాస్త్రం నడవాలి. అందుకే ఈ డిమాండ్లు:

1. ఖరీఫ్‌కు ముందు ఒకసారి, రబీకి ముందు ఒకసారి ప్రతి రైతు వేదిక, రైతు సేవా కేంద్రం దగ్గర రైతు కుటుంబాల విజ్ఞాన సభ జరగాలి. జిల్లా కేంద్రంలో ఒక్క మేళాతో సరిపెట్టకూడదు.

2. సభలో సగం సమయం రైతుల ప్రశ్నలకే. అడిగిన ప్రతి ప్రశ్న, ఇచ్చిన ప్రతి జవాబు రాతలో ఉండాలి. మరుసటి సభ ఆ కాగితంతోనే మొదలవ్వాలి.

3. సభ వేదిక మీద, ఖర్చులో విత్తన, ఎరువుల, మందుల కంపెనీల పాత్ర ఉండకూడదు. అమ్మకాలకు వేరే రోజు, వేరే చోటు.

4. ఆహ్వానం పాసు పుస్తకం చూసి ఇవ్వకూడదు. సాగు చేసే మహిళలు, కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు అందరికీ రావాలి. పనికి అడ్డం రాని వేళ పెట్టాలి. పిల్లల సంరక్షణ, మరుగుదొడ్డి ఏర్పాటు ఉండాలి.

5. కొత్త పురుగు, కొత్త తెగులు దేశంలో ఎక్కడ కనిపించినా, ఆ పంట పండే ప్రతి ఊరికి నెల లోపల తెలుగులో, బొమ్మతో హెచ్చరిక రావాలి. ఆరేళ్ల ఆలస్యం మళ్లీ జరగకూడదు.

6. ప్రభుత్వ సంస్థలు విడుదల చేసిన రకాల గింజలు ఎక్కడ, ఎంత ధరకు దొరుకుతాయో ప్రతి కేంద్రం గోడ మీద రాయాలి. ఆ రకం లోపాలు కూడా రాయాలి.

7. పరిశోధన కేంద్రాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఖాళీలు నింపాలి.

సర్కారు కదిలే దాకా మనం ఏం చేద్దాం?

వినతి పత్రం ఇచ్చి కూర్చుంటే పని కాదు. ప్రతి గ్రామ శాఖ ఈ సీజన్ నుంచే కొన్ని పనులు మొదలు పెట్టాలి.

ఊళ్లో ఒక ప్రశ్నల పుస్తకం పెట్టండి. కలుపు తీసే అక్కలు, చెల్లెళ్లు చూసింది కూడా అందులో రాయించండి. ఏ తేదీన, ఏ చేలో, ఏం కనిపించింది అన్నంత చాలు. వ్యవసాయాధికారి వచ్చినప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టండి.

బడి మాస్టారుతో మాట్లాడి పిల్లలతో వాన కొలిపించండి. అడుగూ మూతీ ఒకే వెడల్పు ఉన్న డబ్బా, ఒక స్కేలు చాలు. డబ్బాలో ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే ఎకరా చేను మీద దాదాపు 4,000 లీటర్లు పడ్డట్టు. ఆ అంకె రోజూ రచ్చబండ దగ్గర బోర్డు మీద రాయించండి. జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ 1993 నుంచి పిల్లలను తమ ఊరి సమస్య మీదే ప్రాజెక్టు చేయమంటున్నది. మన పిల్లల ప్రాజెక్టు మన చేలే కావాలి.

పత్తి ఊళ్లల్లో లింగాకర్షక బుట్టలు అందరూ ఒకే వారంలో పెట్టేలా, కట్టె ఒకే వారంలో తీసేలా గ్రామ సభలో తీర్మానం చేయించండి. మిరప ఊళ్లల్లో పూత మొదలైన నాటి నుంచి వారానికోసారి పది పువ్వులు విప్పి తెల్ల కాగితం మీద దులిపి చూడండి.

మేళాకు పిలిస్తే ఒంటరిగా పోవద్దు. ఇంటిల్లిపాదీ, శాఖ మొత్తం, ప్రశ్నల పుస్తకంతో పోదాం. ముందు వరుసలో కూర్చుందాం. ప్రసంగం అయ్యాక లేచి నిలబడి నిరుడు ఇచ్చిన సలహా ఏమైందో అడుగుదాం. జవాబు లేకపోతే 'జవాబు రాలేదు' అని కూడా పుస్తకంలో రాసి, తేదీ వేసి, అక్కడున్న అధికారి సంతకం తీసుకుందాం. ఆ పేజీలన్నీ జిల్లా సంఘం కార్యాలయానికి పంపండి. వచ్చే ఖరీఫ్ లోపు వాటిని కలెక్టరు ముందు, వ్యవసాయ విశ్వవిద్యాలయం ముందు పెడదాం. కోటిన్నర మందిని కలిశామని వాళ్లు లెక్క చెప్పుకుంటున్నారు. ఎన్ని ప్రశ్నలకు జవాబిచ్చారో మన దగ్గర లెక్క ఉండాలి.